సుడో కథ: పరకాయ ప్రవేశం నుంచి పవర్ ఆఫ్ అటార్నీ దాకా

మన సభలకు విచ్చేసేవారిలో ‘సుడో’ అన్న మాటను రోజుకు పదిసార్లు టైపు చేసేవాళ్ళు తక్కువేమీ కాదు. నేనూ ఆ కోవలోవాణ్ణే. సుడోకు ఆటకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో మన పేరుతో ఉంటూనే ఇంకొకరి అధికారంతో పని చేయించే కమాండ్ ఇది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. ఒకే యంత్రాన్ని పలువురు వాడుకోవాలి, ఒకరి ఫైళ్ళు ఇంకొకరు చెరపకూడదు. అందుకని తలా ఒక ఖాతా, అందరి మీదా ‘రూట్’ అనే సర్వాధికారి. 1971 నవంబరు నాటి మొదటి మాన్యువల్‌లోనే ‘ఎస్‌యు’ కమాండ్ కనిపిస్తుంది. రూట్ పాస్‌వర్డ్ చెబితే చాలు, ఇక మీరే రూట్! విక్రమార్కుడి పరకాయ ప్రవేశమే అనుకోండి.

రిచీ కనిపెట్టిన ‘సెట్‌యూఐడి’ ఇంకా సూక్ష్మమైనది. పాస్‌వర్డుల ఫైలులో రాసే హక్కు రూట్‌ది. మరి మామూలు మనిషి తన పాస్‌వర్డ్ మార్చుకునేదెలా? ఆ పనికున్న ప్రోగ్రామ్‌ను ఎవరు నడిపినా, అది తన యజమాని అయిన రూట్ అధికారంతో నడుస్తుంది. నడిపించినవారెవరో కూడా దానికి తెలుసు. గర్భగుడిలోకి మనం వెళ్ళం, అర్చకులే వెళ్ళి మన గోత్రనామాలతో పూజ చేసి వస్తారు కదా, అలాగన్నమాట. దీనికి 1973లో దరఖాస్తు చేస్తే 1979లో పేటెంటు వచ్చింది. తరువాత దాన్ని అందరికీ ఉచితంగా వదిలేశారు.

ఎస్‌యుతో అసలు చిక్కు పాస్‌వర్డ్ పదిమందికి తెలిసినప్పుడు మొదలవుతుంది. రూట్‌గా మారాక చేసిన పనులన్నీ రూట్ ఖాతాలోకే పోతాయి. ఫైళ్ళు మాయమైతే ఎవరిని అడగాలి? 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం బఫెలో ప్రాంగణంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ సుడో రాశారు. మనం వాడే సుడో మామూలుగా మన సొంత పాస్‌వర్డే అడుగుతుంది. ఎవరు ఏ కమాండ్ నడపవచ్చో ఒక ఫైలులో ముందే రాసి ఉంటుంది. నడిపినవారి పేరు చిట్టాకెక్కుతుంది.

ఊళ్ళో పొలం చూసుకోమని బావమరిదికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చిన మనవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కౌలు వసూలుకే రాసిస్తే ఒక సంగతి, అమ్ముకునే హక్కుతో సహా జనరల్ పవర్ రాసిస్తే మరో సంగతి. సుడోలోనూ ‘అన్నీ చెయ్యవచ్చు’ అని ఒక్క లైనుతో రాసెయ్యవచ్చు. చాలాచోట్ల చేసేది అదే, నాకు నచ్చనిదీ అదే. ఒక్క ఎడిటర్‌కు అనుమతి ఇచ్చినా, జాగ్రత్త పడకపోతే అందులోంచే షెల్ తెరిచి రూట్ అయిపోవచ్చు.

ఇక రాతకోతలు ఎంత పకడ్బందీగా ఉన్నా తాళంలోనే లోపముంటే? 2011లో సుడోలో దూరిన ఒక బగ్ 2021 జనవరిలో గానీ బయటపడలేదు. జాబితాలో పేరు లేనివారు కూడా దానితో రూట్ కాగలిగేవారు. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో, రస్ట్ భాషలో తిరగరాసిన సుడోను పెట్టారు.