తోటకాపురములు

శాసనములు తోటను దానమిచ్చిన ప్రభువును పేర్కొనును. ఆ తోటలో చిలుకలను తోలిన బాలుని పేర్కొనవు. నూజివీటి మామిడితోటల కాపురములను గూర్చి మేము వ్రాయుట యందులకే.

టెంకనుండి మొలచిన మామిడి తల్లిచెట్టును పోలదు. చెట్టుచెట్టునకు రుచి వేఱు. కావున తోటలోని పిల్లలే పీచుమామిడి, తేనెమామిడి యని చెట్లకు పేళ్లు పెట్టెడివారు. తల్లి కొమ్మకు ఉయ్యెల కట్టి చంటిబిడ్డను పరుండఁబెట్టి, రసము పిండి చాపపై పొరపొరగా ఎండఁబెట్టి తాండ్ర చేయుచుండఁగా, పెద్దపిల్లలు వడిసెలతో కావలి కాచెడివారు. ఆవకాయకు ఏచెట్టుకాయ నిలుచునో ముసలమ్మయే నిర్ణయించును. తోట యజమానుఁడును ఆమెమాట దాటఁడు!

అంటుమొక్కలు ప్రబలినపిదప తోటయంతయు నొకటే రుచి. అంటుకట్టి పెంచెడు బంగినపల్లికి 2017లో భౌగోళికసూచిక గుర్తింపు లభించెను, సంతోషమే. పిల్లలు పేరిడిన చెట్లు మాత్రము పడిపోయినవి. మన సంఘీయుల యిండ్లలోని వృద్ధుల నడిగి ఆ పేళ్లను వ్రాసి యుంచవలెనని కోరుచున్నాము.