పసుపు సంచి మళ్లీ చేతికొచ్చిన కథ

ఈపూరులో మా పాత ఇంటి వాకిలి పక్కన చిలక్కొయ్యకు ఎప్పుడూ ఒక గుడ్డ సంచి వేలాడుతుండేది. ఏదో పెళ్లికి నరసరావుపేటలో బట్టలు తీసినప్పుడు కొట్టువాళ్లు ఇచ్చిన సంచి అది. కొట్టు పేరు వెలిసిపోయి రెండక్షరాలే మిగిలాయి. వినుకొండ వెళ్లేటప్పుడు నాన్న దాన్ని మడిచి చంకలో పెట్టుకునేవాడు. పిడి తెగితే నాయనమ్మ పాత చీర అంచు చింపి కొత్త పిడి కుట్టేది. ఇక కుట్టు నిలవనంత చివికాక అది పొయ్యి దగ్గర మసిగుడ్డగా మారింది. పారేయడం అనే మాటే రాలేదు.

ఇలాంటి సంచికి తమిళనాట ఒక పేరుంది: మంజప్పై. ‘మంజళ్’ అంటే పసుపు, ‘పై’ అంటే సంచి. ముతక నూలు గుడ్డ, పసుపు రంగు, రెండు పిడులు, అంతే. దీన్ని కనిపెట్టింది ఫలానావారని చెప్పడానికి పేరు లేదు. పసుపు శుభానికి గుర్తు కనుక పెళ్లికొచ్చినవాళ్లకు తాంబూలం ఇందులో పెట్టి ఇస్తారు. బట్టల దుకాణాలు తమ పేరు అచ్చువేసి కొన్నవారికి ఇచ్చేవి. దీనికి చెల్లెలు లాంటిది సురుక్కుప్పై. తాడు లాగితే మూతి ముడుచుకునే ఈ చిన్న తిత్తిని అవ్వలు రొంటిన దోపుకుని, అందులో ఆకువక్క, చిల్లర దాచుకునేవారు. మన ముసలమ్మల వక్కాకు తిత్తి కూడా ఇదే తీరు.

ఈ సంచికి పోటీ పుట్టింది స్వీడన్‌లో. అక్కడి సెల్లోప్లాస్ట్ కంపెనీ ఇంజినీరు స్టెన్ గుస్తాఫ్ తూలిన్ పల్చటి ప్లాస్టిక్ గొట్టాన్ని మడిచి, అడుగు వేడితో అతికించి, పైన పిడులు వచ్చేలా కోసి సంచి చేశాడు. 1965లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. కాగితం సంచుల కోసం చెట్లు నరకడం తగ్గాలన్నది ఆయన ఆలోచన. ఆయన ఎప్పుడూ ఒక సంచి మడిచి జేబులో పెట్టుకునేవాడని, వాడి పారేస్తారని ఊహించనేలేదని ఆయన కొడుకు తర్వాత చెప్పాడు. చంకలో గుడ్డ సంచి పెట్టుకున్న మా నాన్నకూ, జేబులో ప్లాస్టిక్ సంచి పెట్టుకున్న ఆ ఇంజినీరుకూ ఉన్నది ఒకటే అలవాటు. ప్రపంచం ఆయన సంచిని తీసుకుంది, ఆ అలవాటును వదిలేసింది.

కొట్లో కవరు ఊరికే ఇస్తుంటే సంచి మోసుకెళ్లడం నామోషీ అయింది. తమిళనాట మంజప్పై అన్న మాటే పల్లెటూరివాణ్ణి ఎగతాళి చేసే మాటగా మారింది. 2014లో అదే పేరుతో ఒక తమిళ సినిమా వచ్చింది. అందులో పల్లె నుంచి చెన్నై చేరిన తాతయ్యే ముఖ్య పాత్ర. నేనూ కాలేజీకి బయల్దేరినప్పుడు అమ్మ పచ్చడి సీసా గుడ్డ సంచిలో పెట్టిస్తే, బస్సు ఎక్కకముందే కవరులోకి మార్చాను. ఆ పని ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

సంచిని చిన్నచూపు చూసిన ఫలితం తొందరలోనే కనిపించింది. బంగ్లాదేశ్‌లో 1988, 1998 వరదలప్పుడు ప్లాస్టిక్ సంచులు మురుగు కాలువలకు అడ్డుపడ్డాయి. 2002లో వాటిని నిషేధించిన మొదటి దేశం అదే అయింది. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించింది. కానీ కవరు వద్దంటే సరిపోదు, చేతికి మరొకటి అందించాలి. అందుకే 2021 డిసెంబర్ 23న ఆ ప్రభుత్వం ‘మీండుం మంజప్పై’ ఉద్యమం మొదలుపెట్టింది. ‘మళ్లీ పసుపు సంచి’ అని అర్థం. మరుసటి ఏడాది చెన్నై కోయంబేడు మార్కెట్లో 10 రూపాయలు వేస్తే పసుపు సంచి ఇచ్చే యంత్రం పెట్టారు. ఒకప్పుడు నామోషీతో దాచుకున్న సంచిని కుర్రకారు ఇప్పుడు భుజాన వేసుకుని తిరుగుతున్నారు. సురుక్కుప్పై పట్టు గుడ్డతో, జరీ అంచుతో పెళ్లిళ్లలో ఆడవాళ్ల చేతికొచ్చింది.

ఇక్కడ పత్తి పండించే పల్నాడు మనిషిగా ఒక మాట చెప్పాలి. పత్తికి ఎంత నీరు, ఎన్ని మందులు పోయాలో మాకు తెలుసు. కొత్త గుడ్డ సంచి ఊరికే రాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, భూతాపం విషయంలో ఒక్కసారి వాడిన ప్లాస్టిక్ కవరు కంటే నూలు సంచి మేలనిపించుకోవాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలి. వారానికి రెండుసార్లు చొప్పున దాదాపు పదిహేను నెలలు. నాయనమ్మ పిడి కుట్టిన సంచి ఆ లెక్క ఎప్పుడో దాటేసింది. ప్రతి శుభకార్యంలో ఒకటి తెచ్చి బీరువాలో కుక్కిన పది సంచులు ఎన్నటికీ దాటవు. కొత్తది కొనడమే ఫ్యాషనైతే పసుపు సంచి కూడా మరో కవరే అవుతుంది. అతుకు కనిపించే సంచిని గర్వంగా పట్టుకోవడం, దర్జీ దగ్గర మిగిలిన ముక్కలతో, కట్టి వదిలిన చీరలతో తాంబూలం సంచులు కుట్టించడం ఫ్యాషన్ కావాలి. అప్పుడే పాత సంచి నిజంగా తిరిగొచ్చినట్టు.

మా కొత్త ఇంట్లో చిలక్కొయ్య లేదు. అమ్మ పాత నేత చీరతో ఒక సంచి కుట్టించి, దాని అంచునే పిడులు చేయించాను. బండి తాళం తగిలించే మేకుకే, తాళం మీదుగా దాన్ని వేలాడదీశాను. బయటికెళ్లాలని తాళం కోసం చెయ్యి చాస్తే ముందు తగిలేది సంచే.