పంజరం వద్దు... దుర్భిణి చాలు! అందుబాటు ధరలో బైనాక్యులర్ల ఎంపిక ఇలా

మహబూబ్‌నగర్, నల్లగొండ: దసరా నాడు జమ్మి చెట్టు వద్దకు వెళ్లడం, దారిలో పాలపిట్టను చూడటం తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆ పిట్ట కంటబడితే ఏడాదంతా శుభమని నమ్మకం. ఒకప్పుడు ఊరి పొలిమేర దాటితే చాలు, కరెంటు తీగల మీదో తాటిచెట్టు మొవ్వు మీదో పాలపిట్ట కనిపించేది. పట్టణాలు పెరిగిన కొద్దీ దాన్ని వెతుక్కోవాల్సి వస్తోంది. దీన్ని ఆసరాగా తీసుకుని కొన్నిచోట్ల పిట్టలను పట్టి, పంజరాల్లో బంధించి, పండుగ నాడు డబ్బులకు చూపించే వ్యాపారం మొదలైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం.

తెలంగాణ రాష్ట్ర పక్షిగా 2014లో ప్రకటితమైన పాలపిట్ట పంటచేలల్లో మిడతలను, పురుగులను ఏరి తినే రైతు నేస్తం. దాని రెక్కల్లోని నీలిరంగు పూర్తిగా తెలిసేది ఎగిరినప్పుడే. పంజరంలో ముడుచుకున్న పిట్టలో ఆ అందం కనిపించదు. 80 మీటర్ల దూరంలోని పిట్టను పది మీటర్ల దూరంలో ఉన్నట్టు చూపే సాధనం ఇప్పుడు మధ్యతరగతికి అందుబాటులో ఉంది. పెద్దలు దుర్బీన్ అని పిలిచే బైనాక్యులరే అది. అయితే సరైనది ఎంచుకోకపోతే డబ్బు వృథా అవుతుంది.

ఉమ్మడి జిల్లాల్లో ఎక్కడ అక్కరకొస్తుంది?

2016 పునర్విభజనతో పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు పలు జిల్లాలుగా మారినా, పక్షులు చూసే తావులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల మేర నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించి ఉంది. మన్ననూరు సమీపంలోని ఫరహాబాద్ వ్యూపాయింట్ నుంచి లోయ అంతా కనిపిస్తుంది. కృష్ణానదిపై జూరాల, నాగార్జునసాగర్ జలాశయాలు, నల్లగొండ పట్టణం పక్కనే పానగల్లు ఉదయసముద్రం నీటిపక్షులను చూడటానికి అనువైనవి. ఈ చోట్లన్నింటా పక్షులు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, సాయంత్రం. అంటే వెలుగు తక్కువగా ఉండే వేళల్లోనే. ఎంపికలో గుర్తుంచుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

అంకెల్లో అసలు సంగతి

ప్రతి బైనాక్యులర్ మీదా 8×42, 10×50 వంటి రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో తెలుపుతుంది. రెండోది ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటి దానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వ్యాసం వస్తుంది. 8×42లో ఇది 5.25 మిల్లీమీటర్లు కాగా, జేబులో పట్టే 10×25లో 2.5 మాత్రమే. పట్టపగలు మనిషి కంటిపాప 2 నుంచి 3 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. కనుక మిట్టమధ్యాహ్నం దుకాణం ముందు రెండూ ఒకేలా కనిపిస్తాయి. పొద్దుగూకే వేళ కంటిపాప విప్పారుతుంది. అప్పుడు చిన్న బైనాక్యులర్‌లో దృశ్యం మసకబారి, పాలపిట్టకూ గువ్వకూ తేడా తెలియకుండా పోతుంది.

ఎక్కువ రెట్లు ఉంటే మంచిదన్నది అపోహ. దృశ్యం ఎన్ని రెట్లు పెరిగితే చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. కనిపించే పరిధి కూడా తగ్గుతుంది. ఎగిరే పిట్టను పట్టుకోవాలంటే పరిధి విశాలంగా ఉండాలి. వెయ్యి మీటర్ల దూరంలో 120 నుంచి 140 మీటర్ల వెడల్పు కనిపించేది మేలు. అందువల్ల పొలాలకు, అడవికి 8×42 సరిపోతుంది. జలాశయాల వద్ద దూరపు బాతులనే ఎక్కువగా చూసేవారు 10×42 తీసుకోవచ్చు.

జాతరల్లో, బస్టాండ్ల వద్ద 30×60 వంటి పెద్ద అంకెలతో అమ్మే చౌక వస్తువుల జోలికి వెళ్లరాదు. ఆ అంకెలు చాలావరకు అలంకారమే. ముందు కటకాలు ఎర్రగా మెరిసేవి, చవకైన జూమ్ రకాలు కూడా ఆశించిన ఫలితం ఇవ్వవు.

పోరో... రూఫ్... ఏది మేలు?

లోపలి ప్రిజంల అమరికను బట్టి బైనాక్యులర్లు రెండు రకాలు. మెట్టులా వంగి, ముందువైపు వెడల్పుగా ఉండేది పోరో. రెండు తిన్నని గొట్టాల్లా ఉండేది రూఫ్. తయారీ తేలిక కావడంతో ఒకే ధరలో పోరో రకంలోనే సాధారణంగా దృశ్యం స్పష్టంగా ఉంటుంది. రూఫ్ రకం తేలికగా, సన్నగా ఉంటుంది. దుమ్ము, తేమలను తట్టుకునేవి ఈ రకంలో ఎక్కువ.

7 వేల నుంచి 15 వేల రూపాయల బడ్జెట్ అనుకునేవారు పరిశీలించదగిన వాటిలో పోరో రకానికి చెందిన నికాన్ ఆక్యులాన్ 8×42, రూఫ్ రకానికి చెందిన సెలెస్ట్రాన్ నేచర్ డీఎక్స్ 8×42 ఉన్నాయి. మొదటిదాని దృశ్య పరిధి విశాలం. అయితే అది వానకు తట్టుకునేది కాదు. కంటికీ కటకానికీ మధ్య ఉండాల్సిన దూరం అందులో సుమారు 12 మిల్లీమీటర్లే కావడంతో కళ్లజోడు వాడేవారికి ఇబ్బంది. వీరు ఆ దూరం 15 మిల్లీమీటర్లకు పైగా ఉన్నదే తీసుకోవాలి. రెండోది ఈ విషయంలో అనుకూలం, నీరు చొరబడనిది కూడా. ధరలు తరచూ మారుతుంటాయి కనుక రెండు మూడు చోట్ల విచారించడం మంచిది.

ఏది కొన్నా 'ఫుల్లీ మల్టీకోటెడ్' అన్న మాట, 'బీఏకే-4' ప్రిజం ఉన్నాయో లేదో చూడాలి. కటకాల ఉపరితలాలన్నింటికీ పలు పొరల పూత ఉందని మొదటి మాటకు అర్థం. దానివల్ల వెలుగు వృథా కాదు.

దుకాణంలో పరీక్ష ఇలా...

* వీలైతే సాయంత్రం వేళ వెళ్లి, బయటకు తెచ్చి చూడాలి.
* బైనాక్యులర్‌ను చేతి దూరంలో పట్టి వెలుతురు వైపు చూస్తే కంటి కటకంలో తెల్లని చుక్క కనిపిస్తుంది. అది గుండ్రంగా ఉండాలి. అంచులు నలుచదరంగా కోసినట్టుంటే ప్రిజం నాసిరకం.
* కరెంటు స్తంభాన్ని చూస్తే అంచున వంగినట్టుగానీ, తీగల చుట్టూ ఊదా రంగు గీతలుగానీ ఎక్కువగా ఉండరాదు.
* రెండు కళ్లతో చూసినప్పుడు ఒకే దృశ్యం కనిపించాలి. రెండుగా విడిపోయినా, నిమిషంలో కన్ను లాగినా గొట్టాలు సరిగా కుదరలేదని అర్థం. దాన్ని వదిలేయాలి.
* ఎడమ, కుడి కళ్ల చూపులో తేడా ఉంటే సరిచేసుకునేందుకు కుడి కటకం వద్ద తిప్పే వలయం ఉంటుంది. ముందు ఎడమ కంటితో మధ్య చక్రాన్ని, తర్వాత కుడి కంటితో ఆ వలయాన్ని సవరించుకోవాలి.
* బరువు 800 గ్రాములు దాటితే మెడకు భారం. బిల్లు, వారంటీ కార్డు తప్పక తీసుకోవాలి.

జాగ్రత్తలు

బైనాక్యులర్‌తో సూర్యుడిని ఎట్టి పరిస్థితుల్లోనూ చూడరాదు. క్షణంలో చూపు పోయే ప్రమాదం ఉంది. పిల్లలకు ఇచ్చే ముందే ఈ సంగతి చెప్పాలి. మన ప్రాంతంలో ఎర్రదుమ్ము ఎక్కువ. కటకాన్ని చొక్కా అంచుతో తుడిస్తే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందుగా దుమ్మును గాలితో ఊది, మెత్తని కుంచెతో దులిపి, తర్వాతే కటకాల గుడ్డతో తుడవాలి. వానాకాలంలో బూజు పట్టకుండా సిలికాజెల్ పొట్లంతో పాటు మూత గట్టిగా ఉన్న డబ్బాలో భద్రపరచాలి.

అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లరాదు. గూళ్ల వద్దకు పోరాదు.

పక్షులు గూటికి చేరాక కూడా ఈ సాధనానికి పని ఉంటుంది. పట్టణ దీపాలకు దూరంగా ఉన్న పల్లెల్లో రాత్రివేళ దానితో చూస్తే పిల్లలకోడి నక్షత్రాలు పదుల సంఖ్యలో కనిపిస్తాయి. దేనికైనా ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుగ్రహం పక్కన 1610లో గెలీలియో గుర్తించిన చంద్రుళ్లూ చుక్కల్లా తెలుస్తాయి.

దసరా నాడు పొలం గట్టున నిలబడి ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు చూసేందుకు ఒక్క బైనాక్యులర్ చాలు. పిట్ట బెదరనంత దూరంలో ఆగితే అది తీగ మీదే ఉంటుంది. మిడత కోసం కిందికి దూకినప్పుడు నీలి రెక్కలు విచ్చుకుంటాయి. పెద్దలు శుభమని చెప్పిన ఆ దర్శనం ఏ పిట్టనూ బంధించకుండానే దక్కుతుంది.