పగటి నిద్ర పెరిగిందా..? ఇంట్లో పెద్దవాళ్ల ఊపిరితిత్తులపై ఓ కన్నేయండి!

మధ్యాహ్నం అన్నం తినగానే తాతయ్యో, అమ్మమ్మో ఓ కునుకు తీయడం తెలుగు ఇళ్లలో మామూలే. కానీ మొన్నటి దాకా అరగంటలో లేచి టీ అడిగిన మనిషి ఇప్పుడు రెండు గంటలైనా లేవకపోతే..? టీవీ చూస్తూ కూర్చున్న చోటే తూలిపోతుంటే..? వయసైపోయింది కదా అని లైట్ తీసుకోవద్దు. రాత్రిపూట ఊపిరి సరిగ్గా అందడం లేదేమో చూడాలి.

పగటి నిద్రకు, శ్వాసకోశ జబ్బులకు ఉన్న లింకుపై కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరిశోధకుల స్టడీ 2014లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో నడివయసువాళ్లు, పెద్దవాళ్లు కలిపి 16,374 మందిని 13 ఏళ్ల పాటు గమనించారు. రోజూ పగలు గంట, అంతకు మించి నిద్రపోయేవారిలో శ్వాసకోశ వ్యాధులతో చనిపోయే ముప్పు, పగలు పడుకోని వారితో పోలిస్తే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది.

అంటే పగటి నిద్రే ప్రాణం తీస్తోందా? కాదు. రెండూ కలిసి కనిపిస్తున్నాయని మాత్రమే ఇలాంటి స్టడీ చెబుతుంది, ఏది దేనికి కారణమో తేల్చదు. పైగా మధ్యాహ్నం కునుకు తరతరాల అలవాటైన మన దగ్గర ఇంగ్లండ్ లెక్కను ఉన్నదున్నట్టు వేసుకోవడం సరికాదు. లోపల మొదలైన జబ్బే మనిషిని అలసిపోయేలా చేసి పగలు పడుకోబెడుతూ ఉండొచ్చు. అందుకే ఎన్ని గంటలు పడుకున్నారన్నదాని కంటే, పాత అలవాటు ఎంత మారిందన్నదే ముఖ్యం.

రాత్రి ఏం జరుగుతోంది?

నిద్రలో అందరికీ శ్వాస కాస్త నెమ్మదిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ తేడా తెలియదు. సీఓపీడీ ఉన్నవారికి అలా కాదు. కలలు వచ్చే దశలో ఊపిరి తీయడానికి సాయపడే కండరాలు సడలిపోయి, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. దగ్గు, కఫం మధ్యమధ్యలో లేపేస్తాయి. జబ్బు ముదిరితే కార్బన్ డయాక్సైడ్ బయటకు పోక పేరుకుపోతుంది. పొద్దున్నే తలనొప్పి, రోజంతా మత్తు అందువల్లే. ఎనిమిది గంటలు మంచం మీదే ఉన్నా, నిజంగా నిద్రపోయింది సగమే కావొచ్చు. ఆ బాకీని శరీరం పగలు వసూలు చేసుకుంటుంది.

సీఓపీడీ అంటే చుట్ట, బీడీ తాగే మగవాళ్ల జబ్బని చాలామంది నమ్మకం. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని, ఊదుగొట్టంతో మంట రాజేసిన ఆడవాళ్లకూ ఇది వస్తుంది. ఇంటికి గ్యాస్ వచ్చి ఇరవై ఏళ్లయినా, అప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తులు పూర్తిగా మామూలవ్వవు. అయినా అమ్మమ్మ ఆయాసం అంటే మోకాళ్ల నొప్పుల లెక్కలో కలిపేస్తుంటారు. ఏనాడూ బీడీ ముట్టని మనిషి కదా అని ఊపిరితిత్తుల టెస్టు ఊసే ఎత్తరు.

ఇక గట్టిగా గురక పెడుతూ, మధ్యలో కాసేపు ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తున్నారంటే స్లీప్ ఆప్నియాను అనుమానించాలి. ఇది వాళ్లకు తెలియదు, పక్కన పడుకునేవాళ్లే చెప్పాలి. కొన్ని దగ్గు సిరప్‌లు, అలర్జీ మాత్రలు కూడా మత్తు తెస్తాయి. సీఓపీడీ ముదిరినవారికి నిద్రమాత్రలతో శ్వాస మరింత మందగించే ప్రమాదం ఉంది. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల సంచి మొత్తం తీసుకెళ్లాలి.

సీఓపీడీని తేల్చేది స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష. గురక కేసుల్లో స్లీప్ స్టడీ రాస్తారు. ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంటే మంచిదే. కానీ మెలకువగా ఉన్నప్పుడు రీడింగ్ బాగుందని రాత్రి కూడా అంతే ఉంటుందనుకోవద్దు.

కునుకు మానేయాలా?

అక్కర్లేదు. ఇరవై, ముప్పై నిమిషాలు, అదీ మూడు గంటల లోపు అయితే రాత్రి నిద్రకు అంతగా అడ్డు రాదు. తిన్న వెంటనే వెల్లకిలా పడుకుంటే మాత్రం కడుపులోని యాసిడ్ పైకి తన్ని దగ్గు పెరగొచ్చు. కాసేపు కూర్చుని, తల వైపు ఎత్తు పెట్టుకుని వాలితే నయం.

అసలు భయపడాల్సింది ఉన్నట్టుండి వచ్చే మత్తుకు. పెద్ద వయసులో న్యుమోనియా ఒక్కోసారి జ్వరం, దగ్గు లేకుండానే వస్తుంది. పిలిస్తే సరిగ్గా పలకకపోవడం, పొంతన లేని మాటలు, వేగంగా ఊపిరి, పెదాలు నీలంగా మారడం.. వీటిలో ఏది కనిపించినా పడుకోనిద్దాంలే అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. సీఓపీడీకి ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుంటున్నవారు మత్తుగా ఉన్నారని ఫ్లో సొంతంగా పెంచొద్దు. అవసరానికి మించిన ఆక్సిజన్‌తో కొందరిలో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరిగి, స్పృహ తప్పే పరిస్థితి వస్తుంది.