అంచుమీది యక్షరములు

ప్రాచీన గ్రంథమునందు మూలమెంత విలువగలదో, అంచులయందలి వ్రాతలును ఒక్కొక్కప్పుడంత విలువగలవి. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమున యాకూత్ అల్ ముస్తాసిమీ లిఖించినదిగా ప్రసిద్ధిగాంచిన ఖురాను ప్రతి యొకటి కలదు. ఆ బాగ్దాదు లేఖకుడు 1298లో గతించెను. ఆ ప్రతిమీద జహంగీరు, షాజహాను, ఔరంగజేబు చక్రవర్తుల హస్తాక్షరములున్నవి.

ఖురాను భాష అరబ్బీ. మొగలు దర్బారు భాష పారసీకము. గ్రంథము భాండాగారమున చేరిన దినము, తనిఖీ, వెల మొదలగునవి పారసీకమున వ్రాసి ముద్ర వేయుట నాటి యాచారము. ఫైలుపై నోటు వ్రాయు ఉద్యోగులకిది వింతగాదు. దైవవాక్యమును మార్చు సాహసమెవరును చేయలేదు; తమ చేతికది వచ్చినదని మాత్రము వ్రాసికొనిరి. బాగ్దాదు ప్రతి మొగలు చక్రవర్తులను చేరెననుటకు ఆ వ్రాతలే సాక్షులు.

కొత్త అట్ట వేయువారు అంచులు కత్తిరించినచో మూలము నిలుచును గాని చరిత్ర నశించును. 1961లో పార్లమెంటు చట్టముచే జాతీయ ప్రాముఖ్యము నందిన ఆ మ్యూజియమున, అంచులును మూలముతో సమానముగా రక్షణీయములే.