అంగడి మూత: పడమటి చిత్తూరు సీమలో రేడియో, టీవీ వర్తకం

మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పంలో గాని ఒక టీవీల అంగడి మూతపడితే పక్క అంగడివాడు చెప్పే కారణం ఒక్కటే: "అంతా ఆన్‌లైనే గదా సామీ!" కొనేవాళ్ళు చెప్పేదీ అదే, కాకపోతే కొంచెం తప్పు చేసినవాళ్ళలా చెబుతారు. ఈ మాటలో అబద్ధం లేదు. కాని ఫ్లిప్‌కార్టు పుట్టింది 2007లో. అమెజాన్ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టింది 2013 జూన్‌లో. ఇంత కొద్ది కాలంలో కూలిపోగలిగిన ఈ వర్తకం అంతకు ముందు దేనిమీద నిలబడి వుండేదో, ఆ ఆధారాలను ఎవరు ఎప్పుడు లాగేసుకున్నారో విచారించకపోతే, గాలికి పడిన చెట్టును చూసి గాలినొక్కదాన్నే నిందించినట్లవుతుంది.

ఈ మూడు ఊళ్ళూ పాత చిత్తూరు జిల్లాలో పడమటి గడ్డ. 2022 ఏప్రిల్ నాటి విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది గాని, జిల్లా హద్దులు ఎటు జరిగినా ఇక్కడి వర్తకం చూపు ఎప్పుడూ బెంగుళూరు వైపూ, మద్రాసు వైపూనే. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోట, మద్రాసు–బెంగుళూరు రైలుదారి మీద వుంది. తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరుకు కూలికీ కొలువుకూ పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళ ఊరు అది. పుంగనూరు పాత జమీందారీ ఊరు, పొట్టి ఆవులకు పేరుపడింది. మదనపల్లెకు టమోటా మార్కెట్టు వుంది. నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాలు వున్నాయి. చుట్టుపట్ల పల్లెల్లో చేతికి డబ్బు వచ్చేది టమోటా కోతకూ, పట్టుగూళ్ళ అమ్మకానికీ, పాల బిల్లుకూ. ఆ డబ్బుకు నిలకడ లేదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమోటా 150 రూపాయలు దాటింది. కోతకూలి కూడా గిట్టక రైతు కాయను రోడ్డుపక్కన పారబోసి పోయిన ఏడాదులూ ఈ సీమకు కొత్త కాదు. నెల జీతం ఎరగని ఇలాంటి చోట ఖరీదైన వస్తువు అమ్మాలంటే, కోత దాకా ఆగగలిగిన వర్తకుడు కావాలి. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాతి కథ సులభంగా తెలుస్తుంది.

మద్రాసు రేడియో కేంద్రం 1938లోనూ, విజయవాడ కేంద్రం 1948లోనూ, మనకు దగ్గరిదైన కడప కేంద్రం 1963లోనూ వచ్చాయి. రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో ఏటా రుసుం కట్టి లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సు పూర్తిగా రద్దయ్యే నాటికి 1980ల నడిమి భాగం వచ్చింది. కాబట్టి మొదటి రేడియోలు ఎవరి ఇళ్ళల్లో మోగాయో ఊహించడం కష్టం కాదు: ప్లీడర్లు, హెడ్మాస్టర్లు, భూస్వాములు, మండీ యజమానులు. సైకిళ్ళూ కుట్టుమిషన్లూ గడియారాలూ అమ్మే చోటనే ఒక మూల రేడియో కూడా అమ్మేవారు. ట్రాన్సిస్టరు వచ్చాక గాని అది పొలంగట్టు ఎక్కలేదు. అది గట్టెక్కడంతోనే ఒక కొత్త వృత్తి కుదురుకుంది: రేడియో మెకానిక్కు.

వృత్తి అనే మాట తెలిసే వాడుతున్నాను. కులం నిర్ణయించని చేతిపనులు మన ఊళ్ళల్లో బహు కొద్ది. కంసలిపనికీ కుమ్మరిపనికీ నేతకూ పుట్టుకే ప్రవేశపత్రం. ఈ పనికి మాత్రం పదో తరగతి తప్పిన పిల్లవాడెవడైనా సాల్డరింగు కడ్డీ పక్కన రెండేళ్ళు కూర్చుంటే చాలు. మన పట్టణాల్లో ఆధునికత అడుగుపెట్టిన దారుల్లో ఈ చెక్కబల్ల ఒకటని నా అభిప్రాయం. కాలేజీల చరిత్ర రాసినంత శ్రద్ధగా దీని చరిత్ర ఎవరూ రాయలేదు.

టెలివిజన్ కేంద్రం మద్రాసుకు 1975లో, హైదరాబాదుకు 1977లో, బెంగుళూరుకు 1981లో వచ్చింది. 1982 ఆసియా క్రీడలతో రంగులు వచ్చాయి. 1984 ప్రాంతంలో దేశమంతటా ట్రాన్స్‌మిటర్లు వేశారు. ఇక 1987లో ఆదివారం ఉదయం రామాయణం మొదలయ్యాక, టీవీ ఉన్న ఇంటికీ లేని ఇంటికీ మధ్య తేడా వీధికంతటికీ కనబడేది. హైదరాబాదులో 1967లో స్థాపించిన ప్రభుత్వరంగ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. తన ఇ.సి.టి.వి.ని పంపేది. మద్రాసు నుంచి డయనోరా, సాలిడేర్ వచ్చేవి. విదేశీ సరుకుకు దిగుమతి ఆంక్షలు అడ్డు. ఆ అడ్డు దాటి మద్రాసు బర్మా బజారు నుంచి, కువైటుకు పోయివచ్చిన రాయచోటివాళ్ళ పెట్టెల్లోంచి జపాను టేపురికార్డర్లు వచ్చేవి. అవి చెడినప్పుడు బాగుచేయించడానికీ ఈ అంగడే దిక్కు.

అంగడి బలం మూడింటిలో వుండేది. చెడితే బాగుచేస్తాడు. అప్పు ఇస్తాడు. ఏది మంచిదో చెబుతాడు. ఇందులో నాలుగోదిగా ధరను చేర్చలేదు. ఎందుకంటే ధర విషయంలో అతడు ఎన్నడూ ధర్మాత్ముడు కాడు. ముఖం చూసి ధర చెప్పడం, బిల్లు లేకుండా అమ్మడం, పాత పిక్చర్‌ట్యూబును కొత్తదని అంటగట్టడం, కంతు తప్పిన రైతుకు వడ్డీ మీద వడ్డీ కట్టడం, ఇవన్నీ ఈ వర్తకంలో వుండేవి. మూతపడిన అంగడి మీద జాలితో దీన్ని మరచిపోతే మనం రాసేది చరిత్ర కాదు, సంతాప తీర్మానం. ఆన్‌లైనులో మొదటిసారి అసలు ధర చూసిన పల్లెటూరి యువకుడికి కలిగిన ఆనందంలో పాత అవమానానికి ప్రతీకారం కొంత వుంది. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

మొదట పోయింది బాగుచేసే పని. 1991 సంస్కరణల తర్వాత కొరియా కంపెనీలు వచ్చాయి: శాంసంగ్ 1995లో, ఎల్.జి. 1997లో. వాటి ముందు దేశీయ తయారీదార్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. అందరికంటే పెద్దదిగా మిగిలిన వీడియోకాన్ కూడా 2018లో దివాలా విచారణకు ఎక్కింది. అంగడివాడు దీనికి విచారించలేదు. కొత్త కంపెనీ కమీషను బాగుండేది, బోర్డు ఉచితంగా రాయించేది, అమ్మకపు లక్ష్యం దాటితే విదేశీ యాత్ర కూడా చూపించేది. లక్ష్యం దాటాలంటే అవసరానికి మించి సరుకు దింపుకోవాలి. దింపుకున్నది అమ్ముడుపోవాలంటే తన కమీషనులోంచే తగ్గింపు ఇవ్వాలి. పారిశ్రామిక పెట్టుబడి ఎదిగేకొద్దీ వర్తక పెట్టుబడి స్వతంత్రత కోల్పోయి దానికి ఏజెంటుగా మారుతుందని మార్క్స్ 'పెట్టుబడి' మూడో సంపుటంలో చూపాడు. పుంగనూరు అంగడివాడు ఆ పుస్తకం చదవకపోవచ్చు. నెలాఖరున డిస్ట్రిబ్యూటరు ఫోను మోగినప్పుడల్లా ఆ పాఠం విన్నాడు.

కంపెనీ సర్వీసు కేంద్రం వచ్చాక వారంటీలోని వస్తువును బయటి మెకానిక్కు ముట్టుకోరాదన్నారు. తర్వాత వస్తువే మారిపోయింది. పిక్చర్‌ట్యూబు టీవీలో కండెన్సరు పోతే కండెన్సరు మార్చేవాడు, ట్రాన్స్‌ఫార్మరు పోతే అది మార్చేవాడు. ఒక టీవీ పదేళ్ళలో నాలుగైదుసార్లు అతని బల్లమీదికి వచ్చేది. పలక టీవీలో పానెల్ పోతే పానెలే మార్చాలి. దాని ఖర్చుకు ఇంకొంచెం కలిపితే కొత్త టీవీ వస్తుంది. బాగుచేయించడానికి వచ్చినవాడు మళ్ళీ కొనడానికి వచ్చేవాడు. ఆ రాకపోకలు తెగిపోయాయి.

రెండవది అప్పు. అంగడిలోనే ఒక చిన్న బల్ల వేసుకుని ఫైనాన్సు కంపెనీ కుర్రవాడు కూర్చున్నాడు. వర్తకుడికి మొదట ఇది వరంగానే తోచింది: బాకీ వసూలు తలనొప్పి పోయింది, డబ్బు ఒకేసారి వస్తుంది. కాని ఖాతా పుస్తకంతోపాటు ఖాతాదారు కూడా చేతులు మారాడు. "సున్నా వడ్డీ" అనేది వుండదనీ, వడ్డీ ఎక్కడో ఒకచోట దాగి వుంటుందనీ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు చెప్పవలసి వచ్చింది. ఫైనాన్సు కంపెనీకి కావలసింది జీతం చీటీ, బ్యాంకు ఖాతాలో నెలనెలా కదలిక. "ఈసారి టమోటా బాగా పట్టింది, సంక్రాంతికి కట్టేస్తాడు" అన్న ఊరి తెలివికి ఆ లెక్కలో గడి లేదు. ఒకసారి కార్డు చేతికొచ్చిన ఉద్యోగికి ఆ అప్పు ఏ అంగడిలోనైనా, ఫోనులోనైనా చెల్లుతుంది. మనిషిని చూసి ఇచ్చిన పాత అప్పు ఆ ఒక్క గడపకే కట్టివుండేది. కాబట్టి నెల జీతగాడు అంగడి వదిలిపెట్టాడు, అంగడికి మిగిలిన రైతుకు అప్పు పుట్టలేదు.

ఇంతలో పెద్ద గొలుసు దుకాణాలు పెరిగాయి. అవీ ఒకనాటి చిన్న అంగళ్ళే. మద్రాసు వివేక్స్ 1965లో, వసంత్ అండ్ కో 1978లో, హైదరాబాదు బజాజ్ ఎలక్ట్రానిక్స్ 1980లో మొదలైనవి. ఈ చివరిదాని కంపెనీ 2022 అక్టోబరులో వాటాల మార్కెట్టు నుంచి 500 కోట్లు సేకరించింది. స్థానికుడు, బయటివాడు అనే తగువు ఇక్కడ పనికిరాదు. తేడా పరిమాణంలో వుంది. వంద టీవీలు కొనేవాడికీ లక్ష కొనేవాడికీ కంపెనీ ఒకే ధర ఇవ్వదు.

ఇంత జరిగాక ఆన్‌లైను వచ్చింది. 2014 జులైలో షియోమి తన ఫోనును ఫ్లిప్‌కార్టులో మాత్రమే అమ్మింది. అదే ఏడాది అక్టోబరు 6న "బిగ్ బిలియన్ డే" జరిగింది. చాలామంది రెండవదాన్ని గుర్తుపెట్టుకుంటారు. మొదటిది అంతకంటే ముఖ్యం. ధర తక్కువైతే అంగడివాడు తన లాభం తగ్గించుకుని పోటీపడవచ్చు. సరుకే ఇవ్వకపోతే దేనితో పోటీపడతాడు? జనం పేరుపెట్టి అడిగే ఫోను ఏ ధరకూ అతనికి దొరకలేదు. ఆ మరుసటి ఏడు, 2015 ఆగస్టులో, ఆ కంపెనీ ఫోన్ల తయారీ మొదలైంది ఎక్కడ? మన పాత చిత్తూరు జిల్లా తూర్పు అంచున, శ్రీసిటీలో. 2018లో దాని టీవీల తయారీ తిరుపతిలో మొదలైంది. తూర్పు తాలూకా ఆడపిల్లలు బిగించిన ఫోను పడమటి తాలూకా అంగడికి రావాలంటే బెంగుళూరు గోడౌనో, హైదరాబాదు గోడౌనో చుట్టి, ఆ అంగడి ముందునుంచే పక్కింటికి పోయేది.

విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైను వేదికలు సొంతంగా సరుకు అమ్మరాదు, ధరలను ప్రభావితం చేయరాదు అని 2016లో కేంద్రం అన్నది. 2018 డిసెంబరులో ఇంకా గట్టిగా అన్నది. ఆ మధ్యనే, 2018 మేలో, వాల్‌మార్టు 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్టులో 77 శాతం కొంటున్నట్లు ప్రకటించింది. నియమాలున్న దేశంలో అంత డబ్బు ఎవరూ నియమాలకు భయపడుతూ పెట్టరు. కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో రెండు కంపెనీల మీదా విచారణకు ఆదేశించింది. కొందరు అమ్మకందార్లకు పక్షపాతం చూపాయని విచారణలో తేలినట్లు 2024లో బయటపడింది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర వాణిజ్యమంత్రే వీధి మలుపుల్లోని మొబైలు అంగళ్ళు ఏమైపోయాయని బహిరంగంగా అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన శాఖ ఆయనదే. అంతకు ముందు ఏప్రిల్ నెలలో దక్షిణాది మొబైలు వర్తకుల సంఘం, సుమారు 4,500 అంగళ్ళ తరఫున, వన్‌ప్లస్ ఫోన్లు అమ్మబోమని ప్రకటించింది. లాభం మరీ తక్కువగా వుందని వారి ఫిర్యాదు. ఏజెంట్లు కూడా సమ్మెకు దిగవలసిన దశ అది.

ఈ వరస మన ఊళ్ళకే ప్రత్యేకం కాదు. అమెరికాలో సర్క్యూట్ సిటీ 2007లో జీతం ఎక్కువని 3,400 మంది అనుభవజ్ఞులైన అమ్మకపు ఉద్యోగులను తీసేసింది. రెండేళ్ళలో మొత్తంగా మూతపడింది. 1921లో రేడియో విడిభాగాలతో పుట్టిన రేడియోషాక్ ఆ బల్లను వదిలి సెల్‌ఫోన్లు అమ్ముకుంటూ 2015లో దివాలా తీసింది. తెలిసిన మనిషినీ, బాగుచేసే బల్లనూ పోగొట్టుకున్న అంగడిలో మిగిలేది అద్దాల అరలే. అరలు ఫోనులో ఇంకా ఎక్కువ పడతాయి.

కుప్పం గురించి ఒక సంగతి. 2002లో హెచ్.పి. కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో మూడేళ్ళ ఒప్పందం చేసుకుని అక్కడ "ఐ-కమ్యూనిటీ" పెట్టింది. సమాచార కేంద్రాలు తెరిచారు. పొదుపు సంఘం మహిళలకు కెమెరాలూ, సౌరశక్తితో నడిచే ప్రింటర్లూ ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. పల్లె ఆడవాళ్ళు యంత్రం చేతబట్టి సంపాదించడం మంచి విషయమే. యంత్రం చెడితే బాగుచేసే విద్య కూడా అదే చేత్తో ఇచ్చివుంటే బాగుండేది. కంపెనీలు మనకు వస్తువును వాడడం నేర్పుతాయి, విప్పడం నేర్పవు.

2022 జులైలో కేంద్ర ప్రభుత్వం "బాగుచేసుకునే హక్కు" మీద ఒక సంఘాన్ని వేసి, డిసెంబరులో కంపెనీల సర్వీసు వివరాలకు ఒక పోర్టల్ తెరిచింది. విడిభాగం బయటి మెకానిక్కుకు న్యాయమైన ధరకు అమ్మి తీరాలని శాసించే శక్తి పోర్టల్‌కు వుండదు. బల్లమీద పనిచేసిన కుర్రవాళ్ళలో కొందరు మొబైలు డిస్‌ప్లేలు మారుస్తున్నారు, కొందరు మిక్సీలకూ ఫ్యాన్లకూ మోటార్లకూ కాయిల్ చుడుతున్నారు, కొందరు వీపున పెద్ద సంచీ తగిలించుకుని ఒకప్పుడు తాము అమ్మిన వస్తువులనే ఇంటింటికీ చేరవేస్తున్నారు. సంచీ మోసేవాడికి చిరునామా దొరకనప్పుడు వీధి మలుపులో కాయిల్ చుట్టేవాడినే అడుగుతాడు. ఆ వీధిలో ఏ ఇంట్లో ఏ టీవీ వుందో, అది ఎన్నిసార్లు చెడిందో అతనికి తెలుసు.