నల్లగొండ పద్ధతి

తాగునీటిలో మోతాదు మించిన ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే విధానాన్ని నల్లగొండ పద్ధతి అంటారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ దీన్ని రూపొందించి 1970లలో వెలుగులోకి తెచ్చింది. దీనికి కరెంటు తప్పనిసరి కాదు, విదేశాల నుంచి తెప్పించాల్సిన సరుకూ లేదు. ఇంట్లో బకెట్టు నీళ్లకైనా, పట్టణానికి సరిపడే ప్లాంటుకైనా సూత్రం ఒకటే. నల్లగొండ జిల్లా పేరు ఆఫ్రికా దాకా వెళ్లింది ఈ పద్ధతి వల్లే. నల్లగొండకు మాత్రం దీనితో కష్టం తీరలేదు.

తెలుగు నేల మీద ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు, ఫ్లోరోసిస్ చరిత్ర ఈ పద్ధతి కన్నా చాలా పాతది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో జనం నడుములు వంగిపోవడానికి, కీళ్లు బిగుసుకుపోవడానికి నీళ్లలోని ఫ్లోరైడే కారణమని షార్ట్, ఆయన సహచరులు 1937లో వైద్య పత్రికలో రాశారు. ఎముకల ఫ్లోరోసిస్ గురించి భారతదేశం నుంచి వెలువడిన తొలి నివేదికల్లో అదొకటి. నిజాం రాజ్యంలో ఉండి తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన నల్లగొండ సంగతిని ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే రకం వైకల్యాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో నమోదు చేశారు.

నల్లగొండ ప్రాంతమంతా గ్రానైట్ రాతి నేల. ఆ రాళ్లలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా నీటిలోకి దిగుతుంది. వానలు తక్కువైన చోట, కాల్షియం తక్కువగా, క్షారత ఎక్కువగా ఉన్న నీటిలో అది మరింతగా నిలుస్తుంది. చెరువులు ఎండి, బావులు అడుగంటి, బోర్లు లోతుకు పోయినకొద్దీ రాతి పొరల్లో ఏళ్ల తరబడి నానిన నీళ్లే పైకి వచ్చాయి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి చూసి పట్టే వీలూ లేదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరైన మేరకు గాఢత పెరుగుతుంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

వరద రోజుల్లో ఏటి నీళ్లు తేర్చడానికి బిందెలో పటిక తిప్పడం మన ఇళ్లలో తెలిసిన పనే. నీరి శాస్త్రవేత్తలు కె.ఆర్. బులుసు, డబ్ల్యూ.జి. నావ్‌లఖే, వారి సహచరులు పట్టుకున్నదీ పటికనే. అల్యూమినియం లవణాలు ఫ్లోరైడ్‌ను లాగుతాయని అప్పటికే తెలుసు. ఏ నీటికి ఎంత వేయాలో లెక్క కట్టి, పల్లెలో చేయగలిగే వరుసలో పెట్టడం వీరి ఘనత. 1975లో ప్రచురించిన వ్యాసంలోనే దీనికి నల్లగొండ పేరు పెట్టారు.

ఇంటి పద్ధతిలో ఇరవై నుంచి యాభై లీటర్లు పట్టే బకెట్టు కావాలి. దాని కుళాయి అడుగు నుంచి మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు పైన ఉంటుంది. నీళ్లు నింపి, పటికలో ఇరవయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ సున్నం, క్రిములు చావడానికి చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. తర్వాత పటిక ద్రావణం పోసి, ముందు గబగబా, ఆపైన పది నిమిషాల పాటు నెమ్మదిగా కలుపుతారు. నీటిలోని క్షారతతో కలిసి పటిక అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. తెల్లటి పీచుల్లాంటి ఆ ముద్దలు ఫ్లోరైడ్‌ను అంటించుకుని కిందికి దిగుతాయి. నెమ్మదిగా కలపమనడం ఇందుకే: వేగంగా తిప్పితే ముద్దలు విడిపోయి నీళ్లలోనే తేలుతుంటాయి. గంట ఆగాక కుళాయి విప్పి తేట నీళ్లు పట్టుకుంటారు, అడుగున మిగిలిన మడ్డిని పారబోస్తారు. కుళాయిని కాస్త ఎత్తున పెట్టింది ఆ మడ్డి కదలకుండా ఉండాలనే.

పటిక మోతాదు ఫ్లోరైడ్ ఒక్కదాని మీదే కాక, నీటి క్షారత మీద కూడా ఆధారపడుతుంది. క్షారత 300 మిల్లీగ్రాములున్న నీటిలో 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను 1కి దించాలంటే లీటరుకు పావు గ్రాము పైచిలుకు పటిక పడుతుంది. రెండూ పెరిగితే అది గ్రాము దాకా పోతుంది. అంటే పక్కపక్క బోర్లకు కూడా మోతాదులు వేరు కావచ్చు. ప్రయోగశాలలో ఇదొక పట్టిక. గుడిసె ముందు కూర్చున్న ఇల్లాలికి అది రోజూ తప్పని తూకం, కలపడం, గంట నిరీక్షణ, మళ్లీ బకెట్టు కడగడం. అన్నీ సరిగ్గా చేసినా ఫ్లోరైడ్ దిగిందో లేదో కంటికి కనిపించదు, పరీక్ష చేయించాల్సిందే. ఈ పద్ధతిని మెచ్చుకుంటూ రాసినవాళ్లు చాలామంది ఆ చాకిరీని లెక్కలోకి తీసుకోలేదు.

ఊరంతటికీ ఒకేసారి శుద్ధి చేసేందుకు ట్యాంకుల ప్లాంట్లు కూడా కట్టారు. అప్పటి అనంతపురం జిల్లా కదిరిలో 1980 ప్రాంతంలో వచ్చిన ప్లాంటు వీటిలో పేరున్నది. పటిక సరఫరా, ఆపరేటరు జీతం, మరమ్మతు ఖర్చు, వీటిలో ఏది తప్పినా ప్లాంటు మూలపడుతుంది. పటిక ఎక్కువైతే నీళ్లలో సల్ఫేటు పెరిగి రుచి మారుతుంది. అల్యూమినియం కూడా మిగిలిపోవచ్చు. ఫ్లోరైడ్ నిండిన మడ్డిని ఎక్కడ పోయాలన్నది మరో తలనొప్పి. ఉత్తేజిత అల్యూమినా వడపోతలు, విద్యుద్విశ్లేషణ యూనిట్లు తర్వాత వచ్చాయి. వాటి నిర్వహణకూ మనిషి, డబ్బు కావాల్సిందే.

నల్లగొండ వాసులు అడిగింది మాత్రం కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ వాళ్ల జిల్లా అంచునే ఉంది, ఆ నీళ్లు హైదరాబాద్‌కూ పోతున్నాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో జనం నిరసనగా నామినేషన్లు వెల్లువెత్తించారు. నల్లగొండ స్థానంలో బరిలో మిగిలినవారే 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. చివరికి గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. ఆ తర్వాత ఎన్నికల చట్టాన్ని సవరించి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. తెలంగాణ ఏర్పడ్డాక ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. నది నీళ్లు పైపుల్లో ఇళ్లకు చేరడం మొదలయ్యాక జిల్లాలో పటిక బకెట్టు పని దాదాపు ముగిసింది. అప్పటికే వంగిన ఎముకలను సరిచేసే మందు మాత్రం లేదు.

ఈ పద్ధతి సరిహద్దు దాటాక వేరే రూపం తీసుకుంది. తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలో అగ్నిపర్వత శిలల వల్ల ఫ్లోరైడ్ మనకన్నా తీవ్రం. టాంజానియాలోని అరూషా ప్రాంతంలో డెన్మార్క్, టాంజానియా పరిశోధకులు 1990లలో దీన్ని రెండు బకెట్లుగా మార్చారు: ఒకదాంట్లో కలిపి తేర్చిన నీళ్లను గుడ్డలో వడకట్టి రెండోదాంట్లో పడతారు, మడ్డి మళ్లీ కలిసే భయం ఉండదు. కెన్యాలో నకూరు క్యాథలిక్ డయాసిస్ పటికను వదిలి ఎముకల బొగ్గు వైపు మొగ్గింది. పశువుల ఎముకలతో చేసేది కాబట్టి మన దేశంలో దానికి ఆదరణ దొరకడం కష్టం. టాంజానియా మాత్రం వేరే దారి లేక పల్లె నీటి సరఫరాకు 8 మిల్లీగ్రాముల తాత్కాలిక పరిమితితో చాలా ఏళ్లు నెట్టుకొచ్చింది. పటికతో 2 మిల్లీగ్రాములకు దిగిన నీళ్లు మన ప్రమాణాల్లో పనికిరానివి. ఆ పరిమితితో చూస్తే అవి నాలుగో వంతే.